పడని వేలు

"కడిగినవా?" అని నాగవ్వ ఎన్నడూ అడగదు. బాత్రూం గడప దగ్గర నిలబడి గట్టిగా గాలి పీలుస్తుంది. ఆసిడ్ ఘాటు ముక్కుకు తగిలి కళ్ళల్లో నీళ్ళు తిరిగితే కోడలు ఇల్లు కడిగినట్టు. తగలకపోతే, నేల మీద అన్నం పెట్టుకుని తినేటంత శుభ్రంగా ఉన్నా సరే, "వాసనే రాలే. ఏం కడిగినవే పిల్లా?" అని వెనక్కి తిరుగుతుంది. సుమన మళ్ళీ సీసా మూత తియ్యాలి. బోధన్‌లో ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే ఈ పరీక్ష మొదలైంది. కూతురు దీక్షిత ఎనిమిదో తరగతికి వచ్చింది గానీ తల్లి ఆ పరీక్షలో ఇంకా పాసవలేదు.

నాగవ్వను మాత్రం అని ఏం లాభం? ఆమె కథ ఆమెది. పేడతో అలికిన ఇంట్లో పుట్టి చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లకు కాపురానికి వచ్చిన మనిషి. ఆమె భర్త లింబయ్య అక్కడ ఫిట్టరు. ఆ క్వార్టర్లలో ఆఫీసర్ల ఇళ్ళ ముందు నుంచి నడుస్తుంటే ఆసిడ్ వాసన గుప్పున వచ్చేదట, పనివాళ్ళ ఇళ్ళ ముందు వచ్చేది కాదట. తన ఇల్లు కూడా ఎప్పటికైనా అట్లా వాసన రావాలని అప్పుడే అనుకుంది. ఫ్యాక్టరీ మూతపడింది, లింబయ్య పోయాడు, పొగగొట్టం మీద ఇప్పుడు కాకులు వాలుతున్నాయి. నాగవ్వ కోరిక ఒక్కటే చెక్కుచెదరకుండా మిగిలింది. కాకపోతే కోరిక ఆమెది, చేతులు సుమనవి.

ఆ చేతుల సంగతి సుమనకు తప్ప ఎవరికీ తెలియదు. మొదట్లో ఎర్రబడేవి. తర్వాత పగిలేవి. చింతపండు పిసికితే ప్రాణం పోయేది, పచ్చిమిరపకాయలు కోసిన రాత్రి నిద్ర పట్టేది కాదు. ఆ తర్వాత అవి పగలడం కూడా మానేశాయి. వేళ్ళ కొసలు నున్నగా, తెల్లగా అయిపోయాయి. నోట్లు లెక్కపెడుతుంటే జారిపోయేవి. పెళ్ళిళ్ళకు పోయినప్పుడు చేతులు కొంగు కింద దాచుకునేది. గాజులు ఎన్ని వేసుకున్నా ఆ చేతుల మీదికే చూపులు పోతాయని ఆమె భయం. నిజానికి ఎవరూ చూడలేదు. పక్కన పడుకునే మనిషే చూడలేదు.

ఆ మనిషి మధుకర్. బోధన్ అంగడి బజార్లో ఎరువుల దుకాణం. చెడ్డవాడేం కాదు. తాగడు, కొట్టడు. ఈ రెండూ లేవు కాబట్టి సుమన అదృష్టవంతురాలన్నది ఆమె తల్లిగారి వాళ్ళు, అత్తగారి వాళ్ళు ఇద్దరూ ఒప్పుకునే ఒకే ఒక్క విషయం. ఒకరోజు అన్నం తింటూ చెప్పాడు.

"మీ అవ్వ ఇచ్చిన భూమి ఉంది సూడు, గది అమ్మేద్దాం. మనం దున్నేది లేదు, దుక్కి జేసేది లేదు. గదే పైసలతోని నిజామాబాద్ బైపాస్ మీద ప్లాట్ తీసుకుంట. భూమి కొనెతందుకు రాజనర్సు అని పార్టీ దొరికిండు, మంచోడే. ప్లాట్ నా పేరు మీద ఉంటె లోన్ జల్ది అయితది. కొంచెం పప్పు ఎయ్యి."

సుమన పప్పు వేసింది. అదే ఒప్పుకున్నట్టయింది.

భూమి అంటే పెద్ద భూమేం కాదు. భీమ్‌గల్ అవతల, లింబాద్రి గుట్ట కనపడేటంత దూరంలో ఒక చిన్న పసుపు చెలక, దాని గట్టు మీద ఒక కుంకుడు చెట్టు. అది సుమన అవ్వ హన్మవ్వ పేర ఉండేది. కొడుకులు ఇద్దరు ఎదురుగా ఉండగా, ఆ ముసలామె దాన్ని తీసుకొచ్చి మనుమరాలి పేర పెట్టింది. ఊరంతా నవ్వింది. ఆడపిల్ల పరాయి ఊరికి పోతుంది, ఆమెకు పసుపు చేనెందుకని అడిగారు. అందరి ముందూ నోరు తెరవని హన్మవ్వ ఆ రాత్రి మనుమరాలికి తల దువ్వుతూ చెప్పింది. "ఆడిదానికి కూసునెతందుకు ఓ జాగ ఉండాలె బిడ్డా. కూసున్నంక ఎవ్వలు లెవ్వు అనని జాగ." అప్పుడు సుమన డిగ్రీ చదువుతోంది. అవ్వ మాటకు నవ్వుకుంది. కూర్చోవడానికి జాగ దొరకదా ఏమిటి ఎక్కడైనా అనుకుంది. పెళ్ళయ్యాక తెలిసింది. ఈ ఇంట్లో ఆమె ఎక్కడ కూర్చున్నా ఎవరో ఒకరికి ఏదో ఒకటి గుర్తొస్తుంది. నీళ్ళు, టవలు, చార్జరు, బెల్లం ముక్క. కూర్చున్నది కూర్చున్నట్టు లేవాల్సిందే. అవ్వ చచ్చిపోయి చాలా కాలమైంది. చేను ఇప్పుడు తండ్రి తమ్ముడు, చిన్నబాపు ముత్తన్న చేస్తున్నాడు. ఏటా పసుపు ఉడికించి ఎండబెట్టాక ఒక సంచి బస్సులో వేసి పంపిస్తాడు. ఆ సంచి విప్పినప్పుడు వచ్చే వాసనే సుమనకు భూమి. అక్కడికి పోయి కూర్చోవడం ఒక్కసారి కూడా కుదరలేదు.

రిజిస్ట్రేషన్‌కు రాజనర్సు తన కారే పంపించాడు. మండలాఫీసులో ఆపరేటర్ చిన్న పెట్టెలాంటి మిషన్ సుమన ముందుకు జరిపి బొటనవేలు పెట్టమన్నాడు. పెట్టింది. ఎర్ర లైటు. కొంగుతో తుడుచుకుని పెట్టమన్నాడు. ఎర్ర లైటు. తలకు రాసుకుని, కాస్త నూనె అంటనిచ్చి పెట్టమన్నాడు. ఆ చేతివీ ఈ చేతివీ అన్ని వేళ్ళూ పెట్టించాడు. మిషన్ ఒక్క వేలికీ పచ్చబడలేదు. ఆపరేటర్ ఆమె చెయ్యి వెలుతురుకు తిప్పి చూశాడు.

"గీతలే లేవు మేడం. మొత్తం అరిగిపోయినయ్. బీడీలు చేస్తరా?"

"లేదు," అంది సుమన.

"బీడీలు చేసెటోళ్ళకు, ఇటుక బట్టీల చేసెటోళ్ళకు గిట్ల అయితది. మరి ఏం పని చేస్తరు?"

ఆమె నోరు తెరిచేలోపే మధుకర్ అందుకున్నాడు. "ఏం పని చెయ్యది సార్. ఇంట్లనే ఉంటది."

ఆపరేటర్ సుమన వైపు చూశాడు, మధుకర్ వైపు చూశాడు. నెల రోజులు ఆసిడ్లు, సబ్బు పొడులు ముట్టవద్దన్నాడు. వేళ్ళకు నూనె రాస్తే గీతలు మళ్ళీ వస్తాయని, ఒక్క బొటనవేలు పడినా చాలని, ఇక్కడ మాత్రం వేలు పడాల్సిందేనని చెప్పాడు. మధుకర్ చేతులు కట్టుకుని నిలబడి "సరే సార్, సరే సార్" అంటూ విన్నాడు. ఇంట్లో ఎవరి మాటా ఇంత శ్రద్ధగా వినగా సుమన చూడలేదు. అదీ ఒక మిషన్ కాదన్నందుకు.

తిరుగు దారిలో ఆర్మూర్ దాటాక మధుకర్ ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకున్నాడు. బొటనవేలు అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిట్లెప్పుడైందే?" అన్నాడు. గొంతులో నిజంగానే ఆశ్చర్యం ఉంది. కిటికీ బయట చెరుకు ట్రాక్టర్లు వరసగా పోతున్నాయి. ఆమెకు ఏడుపొచ్చింది. బాధతో కాదు. ఇన్నేళ్ళకు చెయ్యి పట్టుకున్నాడని.

ఇంటికి వచ్చిన రోజే మధుకర్ తల్లికి చెప్పేశాడు. ఆసిడ్ బంద్. బ్లీచింగ్ బంద్. నాగవ్వ గుండెలు బాదుకుంది. "మరి ఇల్లెట్ల కడుగుతర్రా?" అంది. ఆ సాయంత్రమంతా మధుకర్ ఫోన్‌లో వీడియోలు చూశాడు. తక్కువ ఖర్చులో, మందులు లేకుండా ఇల్లు శుభ్రం చేసుకోవడం ఎట్లా అని ఎవరెవరో చిరునవ్వులతో చెప్తున్న వీడియోలు. మర్నాడు దుకాణం నుంచి వస్తూ సంచెడు కుంకుడుకాయలు, నిమ్మకాయలు, తినే సోడా, ఒక జత రబ్బరు గ్లౌజులు తెచ్చాడు. గ్లౌజులు బాత్రూం తలుపు పక్కన మేకుకు తనే తగిలించాడు. పెళ్ళయ్యాక ఆమె పని కోసం అతను కొన్న మొదటి వస్తువు అది.

ఈ విద్య సుమనకు వీడియోల్లో నేర్చుకోవాల్సిన అవసరం లేకపోయింది. హన్మవ్వ ఇంట్లో ఇంకో విద్యే లేదు. రాత్రి కుంకుళ్ళు గింజలు తీసి నానబెట్టడం, పొద్దున ఒక పొంగు రానిచ్చి పిసకడం, గుడ్డలో వడగట్టడం, ఆ చిక్కటి నీళ్ళు బకెట్లో కలిపి నేల తుడవడం. రాగి చెంబులకు చింతపండు. సింకుకు పిండేసిన నిమ్మచెక్కలో ఉప్పు అద్ది రుద్దడం. నీళ్ళ తొట్టి గారకు సోడా చల్లి కాసేపు ఆగి పీచుతో తోమడం. ఆసిడ్ అయితే ఒక్క నిమిషంలో పోతుంది, ఇదైతే కాస్త ఆగాలి. ఆ ఆగే కాసేపు సుమన గడప మీద కూర్చునేది. ఎవరైనా పిలిస్తే "సోడా నాననియ్యాలె" అనేది. పిలిచినవాళ్ళు తమ పని తామే చూసుకునేవారు.

ఇల్లంతా తలంటు పోసుకున్న వాసన. దీక్షిత బడి నుంచి వచ్చి బూట్లు విప్పుతూ, "మమ్మీ, రోజూ దీపావళి లెక్కనే ఉంటుంది" అంది. నాగవ్వ మాత్రం గదిగదికీ తిరిగి గాలి పీల్చి మొహం మాడ్చుకునేది. "నెత్తి కడిగే నీళ్ళతోని పాకీదొడ్డి కడుగుడేందే? సూసెటోళ్ళు నవ్వరా?" అనేది. అయినా ఊరుకుంది. కొడుకు మాట కాబట్టి.

సాయంత్రాలు మధుకర్ టీవీ ముందు కూర్చుని, "ఇటు రా" అని పిలిచి, ఆమె కుడిచేతి బొటనవేలికి కొబ్బరినూనె రాసేవాడు. చిన్నగా, గుండ్రంగా రుద్దుతూ వార్తలు చూసేవాడు. మిగతా నాలుగు వేళ్ళకు రాసేవాడు కాదు. ఆపరేటర్ బొటనవేలు చాలన్నాడు కదా. ఆ నాలుగింటికీ వంటింట్లోకి పోయి ఆమె తనే రాసుకునేది. ఎందుకు రాస్తున్నాడో ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఆ పిలుపు కోసం పొద్దుటి నుంచి ఎదురుచూసేది. అదే ఆమెకు తన మీదే అసహ్యం పుట్టించిన సంగతి. ఇంత చిన్న సంతోషానికి ఇన్నేళ్ళు ఇంత ఆకలితో ఉన్నానా అనుకుంది. అనుకుని కూడా, పిలవగానే చెయ్యి తుడుచుకుని పోయి కూర్చుంది.

ఆ నెలలోనే మహిళా సంఘం మీటింగు వచ్చింది. నిజామాబాద్ నుంచి వర్ష అని ఒక ట్రైనర్ వచ్చింది. చిన్న పిల్ల, జీన్సు ప్యాంటు, గలగల మాట. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఈ ఏడాదికి మీకంటూ ఒక లక్ష్యం చెప్పండి అంది. కొడుకు చదువు, కూతురి పెళ్ళి, ఇంటి స్లాబు, అవేవీ చెల్లవు. "మీకు, మీ ఒక్కరికే కావాల్సింది," అంది. సంఘంలో నవ్వులే నవ్వులు. ఒకరినొకరు పొడుచుకున్నారు. సుమన వాళ్ళ వీధి చివర ఉండే తారాబాయి, ధర్మాబాద్ పిల్ల, ఇంట్లో మరాఠీ మాట్లాడే మనిషి, చెయ్యెత్తింది. "నాకు ఒక్క దినం ఎవ్వలు పిలువకుండ పండుకోవాలె. గంతే," అంది. అందరూ పగలబడి నవ్వారు.

వంతు సుమన దగ్గరికి వచ్చింది. ఆమె తనలోకి తను దిగి వెతుక్కుంది. బీకాం చదివింది. ఒకప్పుడు బ్యాంకులో కౌంటర్ వెనక కూర్చోవాలనుకుంది. దానికి ముందు ఇంకేదో అనుకుంది. అవన్నీ ఎక్కడ పెట్టిందో ఇప్పుడు చెయ్యికి తగలడం లేదు. అందరూ చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పాలి. "నా వేలు పడాలె," అంది.

వర్షకు అర్థం కాలేదు. సుమన విడమరిచి చెప్పింది. "సూపర్ అక్కా! ఇది మంచి లక్ష్యం. అయిందో కాలేదో మనకు స్పష్టంగ తెలుస్తది," అని చప్పట్లు కొట్టించింది. నడుచుకుంటూ ఇంటికొస్తుంటే తారాబాయి అడిగింది. "అక్కా, ఒక మాట అడగాల్నా? వేలు పడితే భూమి పోతది గదా. మరి గది నీ లక్ష్యం ఎట్లయితది? గది మీ ఆయనది గాదా?"

సుమన నవ్వి నడక వేగం పెంచింది. ఆ మాట మాత్రం చెప్పులో ముల్లులా నడిచినంతసేపూ గుచ్చుకుంది. తనకంటూ ఏం కావాలని అడిగితే, మొగుడికి కావాల్సింది తీసి అంత మందిలో తనదని చెప్పింది. చప్పట్లు కూడా కొట్టించుకుంది. దొంగతనం చేసినవాళ్ళకు కూడా ఇంత సిగ్గు వెయ్యదేమో.

వేరే ఏదైనా తనది ఉందా అని వెతికితే, మేడ మీద ఒక ప్లాస్టిక్ డబ్బా దొరికింది. వీడియోలో చూసి తనే కలిపింది. నిమ్మతొక్కలు, నారింజ తొక్కలు, రుద్రూర్ వైపు గానుగ నుంచి తెచ్చిన నల్లబెల్లం, నీళ్ళు. మూడు నెలలు పులిస్తే ఇల్లంతా కడుక్కునే ద్రావకం అవుతుందట. రోజూ ఒకసారి మూత వదులు చెయ్యాలి, లేకపోతే లోపల గాలి చేరి డబ్బా పగిలిపోతుంది. పొద్దున్నే మేడెక్కి మూత కొద్దిగా తిప్పితే బుస్సుమని గాలి వదులుతుంది. ఎవరో బరువు దించుకుని హమ్మయ్య అన్నట్టుండేది. వేలు సంగతి నెలలో తేలిపోతుంది, దీనికి మూడు నెలలు. అంటే ఇది వేలు కోసం కాదు. తర్వాత కూడా ఆసిడ్ ముట్టనని, తర్వాత కూడా చెయ్యి చెయ్యిలాగే ఉంటుందని ఆమె ఎవరికీ చెప్పకుండా పెట్టుకున్న ఆశ. తారాబాయి అప్పుడే ఒక సీసా తనకు కావాలని చెప్పిపెట్టింది. ఇంకో ఇద్దరు కూడా అడిగారు.

ఒక ఆదివారం దీక్షిత తల్లి చేతిని పట్టి చూసి, "మమ్మీ, గీతలొచ్చినయ్!" అని కేకేసింది. ఫోన్ తెచ్చి, సెట్టింగుల్లోకి పోయి, సుమన బొటనవేలు దాని వెనక పెట్టించింది. ఇదివరకు ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ ఫోన్ ఆమెను గుర్తుపట్టలేదు. ఈసారి బుర్రుమని చిన్నగా అదిరి తెరుచుకుంది. సుమన ఫోన్ మూసి మళ్ళీ తెరిచింది. మూసి మళ్ళీ తెరిచింది. చిన్నపిల్లలా నవ్వింది. నేనే అని చెప్పుకోవడానికి ఒక చిన్న గుర్తు, పుట్టుకతో వచ్చింది, ఈ ఇంటి నేల మీద అరగదీసుకున్నది, తిరిగి వచ్చింది. ఆ మధ్యాహ్నం ఆమె వంట చేస్తూ రెండుమూడు సార్లు వేలు వైపు చూసుకుంది.

సాయంత్రం ఊరి నుంచి చిన్నబాపు ఫోన్ చేశాడు. "బిడ్డా, గా రాజనర్సు మనుషులు టేపు తెచ్చి కొలుసుకపోయిండ్రు. కుంకుడు చెట్టుకు సున్నపు గీత పెట్టిండ్రు, కొట్టేస్తరట. ఈ యాడాది శాన కాసింది బిడ్డా అది. నీకు ఎరుకేనా?" ఎరుకే చిన్నబాపూ అని అబద్ధం చెప్పింది. ఫోన్ పెట్టేసి వేలు వంక చూసుకుంది. పొద్దున నవ్వొచ్చిన వేలే.

ఆ రోజు మధుకర్ నూనె రాస్తుంటే నోరు తెరిచింది. "భూమి... అమ్మకుండ ఉంచితే?"

మధుకర్ చెయ్యి ఆగలేదు. "ఏందీ?"

"అవ్వ ఇచ్చింది గదా. నాకు ఉండాలనిపిస్తుంది."

"ఉండి ఏం జేస్తది? నువ్వేమన్న పొయ్యి కలుపు తీస్తవా?" నవ్వాడు. కోపం కూడా లేదు. కోపం వచ్చినా బాగుండేది, మాట తగిలిందని తెలిసేది. "పార్టీకి మాటిచ్చిన. స్లాట్ బుక్ చేసిన, శనివారం. గిప్పుడు గిసుంటియి పెట్టకు. సూడు, వేలు ఎంత మంచిగైందో."

పక్క గదిలోంచి నాగవ్వ గొంతు. "మధూ, ఇంకెన్ని దినాలురా ఈ కుంకుడుకాయల కత? ఇల్లు ఇల్లు లెక్కనే లేదు."

"శనివారం దాకనే అమ్మా. వేలు పడనియ్యి, ఐతారం నాడు నీ ఆసిడ్ డబ్బ నేనే తెస్త."

సుమన ఎదురుగానే ఉంది. ఆమె వేలు అతని చేతుల్లోనే ఉంది. దాచిపెట్టి చెప్పాల్సిన మాటని అతనికి అనిపించలేదు. ఎరువుల దుకాణంలో తూకం రాళ్ళు తుడిచిపెట్టుకున్నట్టు ఆ వేలు రుద్దాడు. పనికొచ్చే వస్తువును పని అయ్యేదాకా జాగ్రత్తగా చూసుకోవడంలో మోసం ఏముంది? సుమన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నూనె రాయడం పూర్తయ్యేదాకా కూర్చుంది. తర్వాత వంటింట్లోకి పోయి మిగతా నాలుగు వేళ్ళకూ రాసుకోవాలనుకుంది గానీ రాసుకోలేదు.

శుక్రవారం పొద్దున నాగవ్వ హడావుడి చేసింది. ఆమె కూతురు సంజన అత్తగారి వాళ్ళు నాందేడ్ నుంచి వస్తున్నారు, ఈ రాత్రి ఇక్కడే ఉంటారు. మధుకర్ దుకాణానికి పోయాడు. నాగవ్వ మేడెక్కి, డబ్బా మూత తీసి, వాసన చూసి కెవ్వుమంది. "సారా పెడుతున్నవా ఏందే ఇంట్ల? వచ్చెటోళ్ళు ఏమనుకుంటరు?" సుమన మెట్లెక్కి చేరేసరికి డబ్బా మోరీలో బోర్లా పడి ఉంది. బెల్లం నీళ్ళు గోధుమరంగు చారగా పోతున్నాయి, తొక్కలు జాలీకి అడ్డంపడ్డాయి. ఇంకా సగం కాలం కూడా కాలేదు. అడ్డంపడ్డ తొక్కలు చేత్తో తీసి మోరీ శుభ్రం చేసింది కూడా సుమనే.

కిందికి వచ్చేసరికి నాగవ్వ తన మంచం కింద దాచుకున్న ఆసిడ్ సీసా తీసి బాత్రూం గడప మీద పెట్టింది. "ఒక్క దినానికి ఏం గాదు. వియ్యపురాలు ముక్కు శాన మంచిది, పాకీదొడ్డి సూస్తది ముందు. గ్లౌజులు ఏస్కో, రేపు వేలు పడాలె గదా."

"రేపు వేలు పడాలె అత్తమ్మా," అంది సుమన కూడా.

బాత్రూం తలుపు దగ్గరికి వేసుకుంది. మేకుకు గ్లౌజులు వేలాడుతున్నాయి. వాటి వంక చూస్తూ ఆమె చాలాసేపు నిలబడింది. రేపు ఆ ఆఫీసులో, రాజనర్సు ముందు, వద్దు అనవచ్చు. ఎవరు వింటారు? ఆపరేటర్ తల వంచుకుంటాడు, రాజనర్సు మధుకర్ వంక చూస్తాడు, అందరూ కలిసి పక్కకు తీసుకుపోయి, అక్కా, చెల్లే, పిల్ల భవిష్యత్తు అని మెత్తగా చెప్పి, మళ్ళీ తీసుకొచ్చి వేలు పట్టి మిషన్ మీద పెడతారు. ఆ తర్వాత అదే కారులో అదే ఇంటికి రావాలి. ఆమె వద్దు అని చెప్పి చూసింది కదా, నూనె రాసే చెయ్యి క్షణం ఆగిందా? ఈ లోకంలో మధుకర్ చేతులు కట్టుకుని విన్నది ఒక్క మిషన్ మాటే.

చెయ్యి బాగుంటే చేను పోతుంది. చేను ఉండాలంటే చెయ్యి పోవాలి. రెండూ ఉండే దారి ఒకటి ఎక్కడో ఉండే ఉంటుంది, చదువుకున్న ఆడవాళ్ళకో, ధైర్యం ఉన్న ఆడవాళ్ళకో కనపడేది. తనూ చదువుకుంది. ఎంత వెతికినా ఈ నాలుగు గోడల మధ్య అది కనపడలేదు. గాజులు తీసి కిటికీలో పెట్టింది. గ్లౌజులు మేకు మీదే వదిలేసి, సీసా మూత తీసింది.

నీళ్ళు కలపలేదు. పీచు తీసుకుని గోడలు, నేల, తొట్టి, మూలమూలలు రుద్దింది. పీచు పక్కన పడేసి చేత్తోనే రుద్దింది. కొత్త చర్మం, లేత చర్మం. పాతది ఇట్లా మండేది కాదు. పళ్ళు బిగబట్టి ఏడ్చింది. మంట ఒక్కటే కాదు ఆ ఏడుపు. ఆ గీతలంటే ఆమెకు ప్రేమ పుట్టింది. ఫోన్ బుర్రుమని అదిరి తెరుచుకున్నప్పటి సంతోషం ఆమె జీవితంలో ఈ మధ్య వచ్చిన ఒకే ఒక్క సంతోషం. దాన్ని ఎవరూ లాక్కోలేదు, తన చేత్తో తనే తుడిచేసుకుంటోంది. ఇంత నిస్సహాయత ఎవరికి చెప్పుకోవాలి? తారాబాయికి చెప్పినా ఇదేం పిచ్చి అంటుంది. అవ్వ ఉంటే ఏమనేదో. అవ్వ తిట్టేదేమో. తిట్టి, ఈ చెయ్యి ఒళ్ళో పెట్టుకునేదేమో.

తలుపు తీసేసరికి నాగవ్వ గడప దగ్గర నిలబడి గట్టిగా గాలి పీల్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆ! గిదీ కడుగుడంటె," అంది తృప్తిగా. ఇన్నేళ్ళకు సుమన పాసయింది.

ఆ రాత్రి చుట్టాలకు వడ్డిస్తూ చెయ్యి కొంగు కింద పెట్టుకుంది. చుట్టాల సందట్లో మధుకర్ నూనె మాట మర్చిపోయాడు.

శనివారం రాజనర్సు కారు పొద్దున్నే వచ్చింది. మధుకర్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. దారి పొడుగునా ప్లాట్ గురించి మాట్లాడాడు, దాని ముందు నుంచి రోడ్డు ఎంత వెడల్పు వస్తుందో చెప్పాడు. లింబాద్రి గుట్ట కనపడగానే సుమన కిటికీ అద్దం దించింది. ఎక్కడో ఎవరో పసుపు ఉడికిస్తున్నారు, ఆ వాసన కారులోకి వచ్చింది. మళ్ళీ నెల రోజులు కుంకుళ్ళు, మళ్ళీ నూనె, మళ్ళీ ఆసిడ్. ఎన్నాళ్ళు ఇట్లా? తెలియదు. చెట్టు మాత్రం ఈ కాపు దించేదాకా ఉంటుంది. అంతవరకే ఆలోచించగలిగింది.

ఆపరేటర్ గుర్తుపట్టి నవ్వాడు, మిషన్ ముందుకు జరిపాడు. సుమన బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు. తుడుచుకుని పెట్టింది. ఎర్ర లైటు. ఎడమ చెయ్యి. మిగతా వేళ్ళు. మధుకర్ మొహంలో రంగులు మారుతున్నాయి, రాజనర్సు గడియారం చూసుకుంటున్నాడు. ఆపరేటర్ ఆమె చెయ్యి వెలుతురుకు తిప్పాడు. పొరలు పొరలుగా లేచిన చర్మం, కింద ఎర్రటి పచ్చి మాంసం.

"అరే, గిదేంది మేడం? మంచిగ చేస్కొని రమ్మంటి గదా. నిన్న మొన్నట్ల ఏమన్న పని చేసిన్రా?"

మధుకర్ గిరుక్కున తిరిగాడు. పెళ్ళయ్యాక మొట్టమొదటిసారి ఆమెను ఆ ప్రశ్న అడిగాడు. "ఏం పని చేసినవే నిన్న?"

సుమన చెయ్యి కొంగు కిందికి తీసుకోలేదు. టేబుల్ మీద, అందరికీ కనపడేటట్టు, అట్లాగే ఉంచింది. అతని వైపు చూడలేదు, ఆపరేటర్ వైపే చూస్తూ చెప్పింది.

"ఏం పని చెయ్య సార్. ఇంట్లనే ఉంట."